మూడోసారి గది మార్చమన్నవాడు

నిన్న ఉమ్రా నుంచి తిరిగొచ్చిన సహోద్యోగి మా కాలేజీ ఆఫీసులో గావా, అదే అరబ్బీ కాఫీ, కాచాడు. యాలకుల వాసన ముక్కుకు తగిలీ తగలకముందే, ఎవరి గది తలుపు మూసి ఉందో నా కళ్లు వెతికేశాయి. నేను జెద్దాలో పనిచేసిన రోజుల్లో ఆ వాసన వచ్చిందంటే ఖాదర్ సాబ్ గదిలో నన్ను పిలవని సమావేశం జరుగుతోందని అర్థం.

కర్నూలాయన ఖాదర్ సాబ్, అక్కడొక కాలేజీలో విద్యార్థుల బాగోగులు చూసే విభాగానికి పెద్ద. నేను ఆయన గుమస్తాను. ఆ పనికి సంబంధించిన పీజీయే చదువుతూ, దానికి కావాల్సిన శిక్షణ గంటలూ ఆయన దగ్గరే పూర్తిచేసేవాణ్ణి. నితాఖత్ చట్టం వచ్చిన రోజులవి. ఉద్యోగాల్లోకి సౌదీలను తీసుకోవాలి, పరాయివాళ్లను ఉంచుకుంటే తలకింత లెవీ కట్టాలి. మా విభాగంలో ఉన్న ఇద్దరు విదేశీయుల్లో ఒకరు పోవాలన్నారు. అంతలో ఫహద్ అనే సౌదీ పట్టభద్రుడు దిగాడు. “ఇతనికి పనంతా నేర్పప్పా” అన్నారు సాబ్. నా కుర్చీకి కొలతలు తీస్తున్నారని ఆ క్షణమే తేలిపోయింది. వాళ్లిద్దరూ తలుపేసుకున్నప్పుడల్లా చెవి ఆనించి నిలబడేవాణ్ణి. తలుపు మీది నగిషీ నా చెంప మీద మూడేసి రోజులుండేది. సాబ్ ఖర్జూరం పెడితే గింజను కూడా అనుమానంగా తిప్పి చూసేవాణ్ణి.

ఫహద్‌కు ఫారాలన్నీ నేర్పాను. సాబ్ మొదటి వారమే నాకు చెప్పిన ఒక్క సంగతి మాత్రం దాచుకున్నాను: “మూడోసారి గది మార్చమని వచ్చినోడికి కావాల్సింది గది కాదప్పా. ఫారం పక్కన పెట్టి, కౌంటర్ దాటిపోయి వాని పక్కన కూర్చో.” అది తెలియక ఫహద్ తడబడితే నా ఇఖామా, అంటే అక్కడ ఉండేందుకు అనుమతి, బతుకుతుంది.

దూరాన ఖఫ్జీ అనే ఊరి నుంచి వచ్చి చేరిన విద్యార్థి ఒకడు గది మార్చమని మూడోసారి వచ్చాడు. ఫహద్ మర్యాదగా ఫారం నింపి ముద్ర కొట్టాడు. నేను చూస్తూ చాయ్ తాగాను. మర్నాడు ఆ విద్యార్థి పెట్టె సర్దుకుని చదువు మానేసి వెళ్లిపోయాడు.

సాబ్ నన్ను పిలిచారు. “ఫహద్‌కు ఆ మాట చెప్పినావా?”

“మర్చిపోయిన సార్.”

“నా చాయ్‌లో ఎన్ని చెంచాల చక్కెరో కూడా మరిచేటోడివి కాదే నువ్వు!”

సొరుగులోంచి ఒక కాగితం తీసి నా ముందు పెట్టారు. ఫైనల్ ఎగ్జిట్, దేశం విడిచి పొమ్మనే వీసా. పేరు ఆయనది.

“పోయేది నేనప్పా. నా కుర్చీలో ఫహద్ కూర్చుంటాడు, పక్కన నువ్వుండాలని రాసిచ్చినా. తలుపేసుకుని వానికి చెప్పింది కూడా అదే.”

చెవి ఆనించిన చెంప భగ్గుమంది. నా శిక్షణ పత్రం చాపితే సాబ్ సంతకం పెట్టలేదు. “ముందు ఫహద్‌కు చెప్పి రా.”

వెళ్లి, దాచిన మాటతోపాటు, కావాలనే దాచానన్న సంగతీ చెప్పాను. ఫహద్ ఖఫ్జీలో ఆ విద్యార్థి ఇంటికి ఫోన్ కలిపాడు. ఎవరూ ఎత్తలేదు.

ఇప్పుడు నా దగ్గర శిక్షణకు వచ్చేవాళ్లకు మొదటి రోజే ఆ మాట చెబుతాను. చెప్పాక, ఇంకేదైనా మిగుల్చుకున్నానా అని నా మీద నేనే నిఘా పెట్టుకుంటాను. ఆ ఖఫ్జీ విద్యార్థి మాత్రం తిరిగి రాలేదు.