మా బావ చదివి వినిపించిన తీర్పు

మా బావ కోర్టులో స్టెనోగ్రాఫర్. జడ్జిగారు చెప్పింది గబగబా గీతల్లో రాసుకుని, తిరిగి చదివి వినిపించడం ఆయన పని. ఉరిశిక్షయినా గోడ తగాదా అయినా ఒకటే గొంతు. "మనకెందుకురా? చెవిన పడింది చేతిలోకి పోవాలి. మధ్యలో బుర్ర అడ్డం రాకూడదు," అనేవాడు. అదే కోర్టులో గుమాస్తాను గనక చెబుతున్నాను, అంత నికార్సయిన పనివాడు ఇంకొకడు లేడు. అంత మొండివాడూ లేడు.

ఆయన కూతురు, అంటే నా మేనకోడలు, తను ప్రేమించిన అమ్మాయితో కలిసి వేరే ఇల్లు తీసుకుంది. ఆనాటి నుంచి బావ ఇంట్లో దాని పేరెత్తనివ్వలేదు. "నలుగురిలో తలెత్తుకు తిరగొద్దా?" అనేవాడు. ఆ నలుగురూ ఎవరో నాకిప్పటికీ తెలియదు. ఈ జన్మలో తండ్రీకూతుళ్ళు మళ్ళీ మాట్లాడుకుంటారా అని అక్క ఒకటే బెంగ.

అలాంటి కేసే మా కోర్టుకొచ్చింది. తన కూతుర్ని ఆమె స్నేహితురాలి దగ్గర్నుంచి తెచ్చి అప్పగించమని ఒక తండ్రి కోర్టుకెక్కాడు. జడ్జిగారు తన గదిలో కూర్చుని తీర్పు చెప్పారు. లోకం నీతి కాలాన్ని బట్టి మారుతుంది, కోర్టు చూడవలసింది రాజ్యాంగ నీతిని. ఎదిగిన మనిషి ఎవరితో బతకాలో ఆ మనిషే తేల్చుకోవాలి. పదిమందికి నచ్చలేదని ఆ హక్కు పోదు.

"చదవండి," అన్నారు.

బావ చదివాడు. ఎప్పటి గొంతే. కానీ "పిటిషనరు కుమార్తె" అని ఉన్నచోట "మా అమ్మాయి" అని చదివాడు. ఫైళ్ళు పట్టుకుని పక్కనే నిలబడ్డ నేనూ విన్నాను. జడ్జిగారు తలెత్తి చూశారు.

"తప్పయిందండీ," అన్నాడు బావ. ఆ వెంటనే, సర్వీసులో మొదటిసారి, ఎదురు ప్రశ్న వేశాడు. "అయ్యా, ఆ అమ్మాయితో మాట్లాడమని తండ్రికి కూడా ఓ ముక్క రాయకూడదాండీ?"

బావ ఎత్తు నాకర్థమైంది. ఆ తండ్రికి ఆర్డరంటూ ఉంటే, కోర్టే అలా చెప్పాక తనూ కాదనలేకపోయానని చుట్టాలకు చెప్పుకోవచ్చు. కోపం రావలసింది, జాలేసింది.

"అడ్డుపడొద్దని చెప్పగలను. ప్రేమగా చూసుకోమని ఆర్డరెయ్యలేను కదండీ. అది ఆయనకై ఆయన చెయ్యాల్సిందే," అన్నారు జడ్జిగారు.

సాయంత్రం మెట్లు దిగుతూ బావ ఆగాడు. "ఒరేయ్, అమ్మాయి ఇల్లు నీకు తెలుసుగా?"

తెలుసు. తీసుకెళ్ళాను.

తలుపు తీసింది నా మేనకోడలు ప్రేమించిన అమ్మాయి. బావను ఎన్నడూ చూసిన పిల్ల కాదు.

"ఎవరు కావాలండీ?"

బావ చెప్పులు విడిచాడు.

"మీ ఇద్దరూనమ్మా," అన్నాడు.