శనగల సాండ్‌విచ్, మా ఆయన ముక్కు

కరోనా రెండో ఏడు ఎండాకాలంలో నేను ఎవరి మాటా నమ్మేదాన్ని కాదు. పాలవాడు ప్యాకెట్లు కడిగి తెచ్చానంటే నమ్మలేదు. టీవీలో కేసులు తగ్గాయంటే నమ్మలేదు. ఫోన్లో మా అక్క "మేమంత మంచిగనే ఉన్నం" అంటే, ఎవరికో ఏదో అయిందని రోజంతా గుంజాటన పడ్డాను. అందరికంటే తక్కువగా నమ్మింది మాత్రం మా ఆయన్ని. ఆయన నోట్లోంచి "మంచిగుంది" అన్న మాట వచ్చినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది.

అసలే నాది అనుమానపు బుద్ధి. కూరగాయల బండి దగ్గర ప్రతి వంకాయనూ తిప్పి తిప్పి చూసి, చివరికి బండివాడి చేత నాలుగు చీవాట్లు తినే రకం. సూరత్ వచ్చాక అది ఇంకా ముదిరింది. ఎందుకంటే ఇక్కడ నన్ను మించిన అనుమానపు మనిషి తగిలింది. ఆవిడ మా అద్దింటి ఓనరమ్మ. అందరూ ఆవిడను బా, అంటే గుజరాతీలో అమ్మ, అనేవారు, నేనూ అలాగే పిలిచేదాన్ని.

పెళ్లికి ముందు మా ఆయన పాండేసరలో ఉండేవాడు, జగిత్యాల వైపు నుంచి మిల్లుల్లో పనికొచ్చిన వాళ్లతో ఒకే గదిలో. ఐటీఐ చదివాడు గనక తర్వాత హజీరాలో ఒక ఫ్యాక్టరీలో పైపులు, వాల్వులు చూసే పని దొరికింది. నేను వచ్చాక అడాజణ్ వైపు బా వాళ్ల మేడమీద అద్దెకు దిగాం. కంపెనీ బస్సు సందు చివరే ఆగుతుంది, నీళ్లకు ఇబ్బంది లేదు, గాలి బాగా వస్తుంది. ఒకటే షరతు. మాంసం వండకూడదు, గుడ్డు గుమ్మం దాటి లోపలికి రాకూడదు. దాటిందా, ఆ రోజే సామాను సర్దుకోవాలి. బయట ఏం తిన్నా ఆవిడ అడగదు. సూరత్‌లో ఇది మామూలే. సాయంత్రమైతే గుడ్ల బండి చుట్టూ మూగే వాళ్లలో చాలామంది ఇంట్లో ఆ మాటే ఎత్తరు. మేమూ అలాగే సర్దుకున్నాం. ఆదివారం బండి దగ్గర నిలబడి తిని, నోరు కడుక్కుని, సోంపు నములుతూ మెట్లెక్కేవాళ్లం. బా తన గుమ్మంలో కుర్చీ వేసుకుని మా మూతుల వంకే చూసేది.

ఎండలు ముదిరే వేళకు మా ఆయనకు జ్వరమొచ్చింది. ఆసుపత్రి దాకా పోలేదు, అదే మా అదృష్టం. లోపలి గదిలో ఒక్కడే పడి ఉండేవాడు, నేను గుమ్మం దగ్గర గిన్నె పెట్టి పక్కకు జరిగేదాన్ని. జ్వరం పోయింది, దగ్గు తగ్గింది. కానీ వాసన తెలియడం కూడా పోయింది. "సబ్బు ముక్కు కాడ పెట్టుకుంటే ఇటుకపెళ్ల లెక్కనే ఉన్నదే," అన్నాడు మొదటి రోజు, నవ్వుతూనే. వాసన సంగతిలో ఆయన నాకు నిజం చెప్పింది ఆ ఒక్కరోజే.

డాక్టరు ఫోన్లో బలమైన తిండి పెట్టమన్నాడు. గుడ్లు, చికెను అన్నాడు. మా షరతు సంగతి చెప్పి, ఇంకేమైనా ఉందా సార్ అని అడిగాను. అయితే శనగలు, పెసలు, సోయా పెట్టమన్నాడు. పాలూ పెరుగూ పెడితే కఫం పట్టేస్తుందని మా అత్త ఊరి నుంచి ఒకటే పోరు, దాంతో వెన్న, చీజు కూడా మానేశాం. అన్నం ముద్ద ఆయనకు గొంతు దిగేది కాదు. డ్యూటీలో ఒక చేత్తో తినే అలవాటు వల్ల బ్రెడ్డయితే ఎలాగో దిగేది. అలా మా ఇంట్లో సాండ్‌విచ్‌ల కాలం మొదలైంది.

అప్పటిదాకా నాకు తెలిసిన సాండ్‌విచ్ సందు చివరి బండివాడు చేసేదే. ఆలుగడ్డ, టమాట, పచ్చ చట్నీ, పైన బోలెడు చీజు. ఇప్పుడు లోపల పెట్టే ముద్దలో బలమంతా ఉండాలి, వెన్న ఉండకూడదు. ముందు మీల్ మేకర్ పట్టాను. వేడినీళ్లలో నానబెట్టి, పిండి, చేత్తో చిదిమి, ఉల్లిగడ్డ, అల్లం వెల్లుల్లి, ధనియాల పొడి వేసి వేయించాలి. నీళ్లు సరిగ్గా పిండకపోతే బ్రెడ్ చేతిలోనే చిరిగిపోతుంది, మరీ పిండితే రంపపు పొట్టు తిన్నట్టే. రెండు రోజులు పాడుచేశాక గానీ చేతికి లెక్క అందలేదు. తర్వాత పెసలు మెత్తగా ఉడికించి పల్లీల పొడి కలిపాను. ఇంకోరోజు వంకాయ కాల్చి, నువ్వుల పొడి, కాస్త చింతపండుతో మన పచ్చడే గట్టిగా నూరి బ్రెడ్ మధ్య పెట్టాను. అది మాత్రం నేనే రెండు తిన్నాను.

మీల్ మేకర్ రోజున బా పైకి వచ్చింది. మూడు మెట్లు కిందే ఆగి, మాస్కు మీద చీర కొంగు కూడా అడ్డం పెట్టుకుని, మూకుడు తెచ్చి చూపించమంది. చూడగానే ఆవిడ కళ్లు చిన్నవయ్యాయి. నిజం చెప్పాలంటే అది అచ్చం ఖీమాలాగే ఉంది. సోయా అని ఎంత చెప్పినా వినలేదు. ప్యాకెట్ అడిగి తీసుకుని కిందికి పోయి, దాని మీద రాసిందంతా ఎవరిచేతో చదివించుకుని, మర్నాడు మడతపెట్టి తిరిగి ఇచ్చింది. తప్పైందని అనలేదు. అప్పటి నుంచి మా చెత్త బుట్ట బయట పెట్టిన రోజు ఆవిడ చీపురు మా మెట్ల దగ్గరే ఎక్కువసేపు తిరిగేది.

మా ఆయన సంగతి అంతకంటే అన్యాయం. వారం గడవకుండానే "వాసనొస్తుందే, జర జర" అన్నాడు. ఇంకో మూడు రోజులకు పూర్తిగా వచ్చేసిందన్నాడు. ఏం పెట్టినా "మంచిగుంది". పొద్దున్నే ఇవాళ ఫలానా చేస్తున్నానని చెప్పే అలవాటు నాది. నేను వంకాయ అని చెబితే, "వంకాయ గాల్చిన వాసన గుమ్మున వస్తుందే" అనేవాడు. పెసలంటే పెసల వాసన. ఒకరోజు కావాలనే ఉప్పు వేయలేదు. తిని, వేళ్లు నాకి, మంచిగుందన్నాడు. నా దగ్గరా ఈ పప్పులు ఉడికేది!

కళ్లు మూసుకోమని ఇంగువ డబ్బా ముక్కు కింద పెట్టాను. "ఇంగువ," అన్నాడు ఠక్కున. నాకు సంతోషం పట్టలేదు. తీరా వంటింట్లోకి వచ్చి డబ్బా మూత పెడుతుంటే కిర్రుమంది. ఆ ఇంట్లో అలా కిర్రుమనే మూత ఆ ఒక్క డబ్బాకే ఉంది.

ఎందుకు అబద్ధం చెబుతున్నాడో తెలిసింది ఆ శుక్రవారం. బాల్కనీలో బట్టలు ఆరేస్తుంటే లోపలి నుంచి ఆయన ఫోన్ మాటలు వినబడ్డాయి. అవతల షిఫ్ట్ ఇన్‌చార్జి. "హా సాబ్, స్మెల్ ఆ గయా. సోమవార్ సే ఆ రహా హూఁ."

వాసన వచ్చేసిందట, సోమవారం నుంచి డ్యూటీకి వస్తాడట! ఆ పైపుల్లో పోయేది ఏమిటో నాకు పేరు కూడా సరిగ్గా నోరు తిరగదు. కానీ పెళ్లైన కొత్తలో ఆయనే గొప్పగా చెప్పుకున్నాడు. "మీటరు మోగకముందే నా ముక్కు చెప్తది. ఒకపారి గట్లనే నేను కనిపెట్టి అందర్ని బయటికి ఉరికిచ్చిన." ఆ ముక్కు ఇప్పుడు పనిచేయదు. అక్కడ ఏ వాల్వు దగ్గరో లీకవుతుంటే ఈయన హాయిగా పక్కనే నిలబడి రెంచీ తిప్పుతుంటాడు. ఆ బొమ్మ కళ్లముందు నుంచి పోలేదు. కరోనా చేతిలోంచి బయటపడ్డ మనిషిని సోమవారం బస్సెక్కించి నా చేతులతో నేనే పంపించాలా?

"నిజంగ వాసనొచ్చిందా నీకు?" అని నిలదీశాను.

"వచ్చిందంటున్న గదా."

"నా మీద ఒట్టెయ్."

"ఒట్లేందే, చిన్నపిల్లల లెక్క," అని గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఒట్టు వేయలేదు.

ఆయన ఫోన్లోంచి ఇన్‌చార్జి నంబరు రాసి పెట్టుకున్నాను. నేనే ఫోన్ చేసి, సార్, ఈయనకు ఇంకా వాసన తెలియడం లేదని చెప్పాలి. చెబితే ఆయన తలెత్తుకోలేడు, ఉద్యోగమూ ఏమవుతుందో తెలియదు. ఒకవేళ నిజంగానే వచ్చి ఉంటే, నా అనుమానంతో సంసారానికి నేనే నిప్పు పెట్టినదాన్నవుతాను. శనివారమంతా చేతిలో ఫోను, మనసులో గుబులు. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక చేసేద్దామని గట్టిగా అనుకున్నాను.

ఆదివారం పొద్దున, "ఇయ్యాల శనగల సాండ్‌విచ్" అని ఎప్పట్లాగే చెప్పి వంటింట్లోకి వెళ్లాను. తెల్ల శనగలు ఉడికించి, సగం మెత్తగా, సగం పలుకుగా మెదిపాను. ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి వేయించి, పసుపు, మిరియాలు వేసి శనగలు కలిపాను. ఉప్పు డబ్బా చూస్తే అడుగున ఏమీ లేదు. కరోనా కట్టడి వల్ల కొట్లు మర్నాడు పొద్దున దాకా తెరవరు. అల్మరాలో సంచల్ ప్యాకెట్ కనిపించింది. ఇక్కడివాళ్లు మజ్జిగలో వేసుకునే నల్ల ఉప్పు. సూరత్ వచ్చిన కొత్తలో అందరూ కొంటుంటే చూసి నేనూ కొని ఒక మూల పడేశాను. మా వైపు వంటల్లో దాని ఊసే లేదు. ఏ ఉప్పయితేనేం, ఉప్పే కదా అనుకుని రోజూ వేసే లెక్కనే చెంచా నిండా తీసి వేసి, నీళ్లు చల్లి మూత పెట్టాను.

మూత తీయగానే నా కళ్లు తిరిగాయి. పది గుడ్లు ఉడకబెట్టి ఒక్కసారి పెంకు తీస్తే వచ్చే వాసన! అంతా ఆ నల్ల ఉప్పు పనే. చూస్తే పసుపు పచ్చగా, పొడిపొడిగా, అచ్చం గుడ్డు పొరటు. వాసన కిటికీలోంచి బయటికి, తలుపు సందులోంచి మెట్ల మీదికి పోయింది. కిటికీ మూద్దామా, మూకుడు దాచుదామా అని తేల్చుకునేలోపే కింద బా కుర్చీ జరిగిన చప్పుడైంది. ఈసారి ఆవిడ మూడు మెట్లు కింద ఆగలేదు. సరాసరి మా గుమ్మంలోకే వచ్చి నిలబడింది.

"అండా?" ఒక్కటే మాట.

"నై బా, చనా హై," అన్నాను. నా గొంతు నాకే అబద్ధంలా వినిపించింది.

అంతలో లోపలి గదిలోంచి మా ఆయన గొంతు, ఇల్లంతా వినబడేలా. "ఏమే! అండలు తెచ్చినవా ఏంది? ఇల్లంత వాసనొస్తుంది! బాకు తెలిస్తే ఇయ్యాల్నే సామాను బయటేస్తది. తలుపు పెట్టు ముందుగాల!"

అండలు, బా. ఆవిడకు అర్థం కావడానికి ఆ రెండు మాటలు చాలు. ఆవిడ కనుబొమలు పైకి లేచాయి. ఇల్లు పోయిందన్న భయంతో నేను అప్పుడు వణికిపోవాలి. నేను మాత్రం గరిటె పట్టుకుని, గుమ్మంలో ఉన్న మనిషిని వదిలేసి, వెనక్కి తిరిగాను.

"ఏమన్నవ్? మళ్లొకపారి చెప్పు."

"అండ వాసనొస్తుందంటున్న."

"శనగలని చెప్పిన గదా నీకు?"

"శనగలేందే, నా ముక్కు నాకు తెల్వదా? అండ..." అని ఆగిపోయాడు. తన మాట తనకే అప్పుడు వినిపించినట్టుంది. లుంగీ ఎగ్గట్టుకుంటూ బయటికి వచ్చాడు.

నేను పొయ్యి పక్కనే కూలబడి ఏడ్చాను. అబద్ధమాడే మనిషైతే శనగల వాసన మంచిగుందనేవాడు. బా మాత్రం దొరికిపోయి ఏడుస్తున్నాననుకుంది. ఏడిస్తే లాభం లేదు, నేను ముందే చెప్పాను అంది హిందీలో. మా ఆయన గుమ్మంలో ఆవిడను చూసి బిక్కచచ్చి, ఏమన్నాడో తెలుసా? "నాకేం తెలియదు బా, నేనైతే తేలేదు!" ఇంతటి మగడి కోసమా నేను మూడు రోజులుగా గుండెలు బాదుకుంటున్నది!

లేచి మూకుడూ సంచల్ ప్యాకెట్టూ తెచ్చి బా ముందు పెట్టాను. ఆవిడ కొంగు కాస్త పక్కకు జరిపి వాసన చూసింది. ఎంత వేశావని అడిగింది. చెంచా చూపించాను. ఆవిడ నుదురు కొట్టుకుని, రెండు వేళ్లు కలిపి చిటికెడు చూపించి, మళ్లీ చెంచా వంక చూసి ఇంకోసారి నుదురు కొట్టుకుంది. అయినా వెళ్లేముందు చెత్త బుట్ట తెప్పించుకుని పెంకులున్నాయేమోనని వంగి చూసే వెళ్లింది.

తలుపు వేశాను. "ఎప్పుడొచ్చింది వాసన?"

"గిప్పుడే."

"మరి శుక్రవారం ఫోన్ల ఏం చెప్పినవ్?"

"ఇంకో నెల ఇంట్ల కూసుంటే నా జాగల ఇంకొకన్ని పెడతరు గదే," అన్నాడు నేల చూపులు చూస్తూ.

"పెట్టనీ! నీ జాగల వాడు ఇంకొకన్ని పెట్టుకుంటడు. నేనెవర్ని పెట్టుకోవాలె?" అని అరిచాను. కింద బా విన్నా నాకు లెక్కలేదు. నాకు ఆయన మీద అంత కోపం ముందూ రాలేదు, తర్వాతా రాలేదు. ఆయన ఏం చేయాలో తెలియక, పళ్లెంలో ఉన్న సాండ్‌విచ్ తీసి ఒక ముక్క కొరికాడు. మొహమంతా వంకర్లు పోయింది.

"థూ! ఏం కంపే ఇది! మనుషులు తింటరా దీన్ని?"

అన్ని రోజుల్లో నా చేతి వంటను ఆయన తిట్టడం అదే మొదటిసారి. ఇంకో ముక్క తీసి చేతిలో పెట్టి, ఎదురుగా కూర్చుని, ఆయన తిట్టడం ఆపేదాకా విన్నాను.