చూపు పోతే విడుదల

లాంప్రియాస్ నాటకపు అరుగెక్కితే చాలు, నోరు తెరవకముందే రోమ్ జనం నవ్వడం మొదలుపెట్టేవాళ్లు. తలకు ఎర్రజుట్టు, పొట్టకు గుడ్డల మూట కట్టుకుని, ముసలి యజమానిని బురిడీ కొట్టించే జిత్తులమారి బానిస వేషంలో అతన్ని మించినవాడు లేడు. ఆట చివర ఆ బానిసకు తప్పకుండా విడుదల దొరికేది. వేషం విప్పాక లాంప్రియాస్ మాత్రం మళ్లీ బానిసే, నాటకాల మేళం నడిపే నుమిసియస్ సొత్తు. ఆట మధ్యలో మాట తడబడితే సాయంత్రం వీపు చిట్లేది. మర్నాడు ఆ వీపు మీదే హాస్యమాడి జనాన్ని నవ్వించేవాడు.

మేళానికి బట్టలు కుట్టే క్రేస్తెతో అతని కాపురం. ఆమె కూడా బానిసే. బానిసల కాపురాన్ని ఎవరూ పెళ్లి అనరు.

యాభై దాటాక లాంప్రియాస్ గొంతు పోయింది. ఒక వసంతోత్సవంలో ఆట నడుమ మాట పెగలక నిలబడిపోయాడు. పది రోజుల్లోపే నుమిసియస్ అతన్ని న్యాయాధికారి దగ్గరికి తీసుకెళ్లి, ఆనవాయితీ ప్రకారం బెత్తంతో తల తాకించి, విడుదల చేయించాడు.

"పోరా, ఇక నువ్వు స్వతంత్రుడివి."

"మరి తిండి, దొరా?"

"స్వతంత్రుడికి నేనెందుకు పెడతానురా తిండి?"

"పోనీ, క్రేస్తెని కూడా వదిలెయ్యండి."

నుమిసియస్ నవ్వాడు. "దాని వేళ్లింకా ఆడుతున్నాయి. కళ్లు పోనీ, నేనే పిలిచి ఊరికే ఇచ్చేస్తాను."

లాంప్రియాస్ బట్టలుతికే దుకాణానికి నీళ్లు మోస్తూ బతికాడు. సాయంత్రాలు నుమిసియస్ పెరటి గుమ్మం దగ్గర క్రేస్తెని కలిసేవాడు.

"సూదిలోకి దారం ఎక్కుతోందా?"

"ఒక్కసారికే ఎక్కుతోందయ్యా."

ఇద్దరూ దిగులుపడేవాళ్లు. ఆమె చూపు పోవాలని అతను దేవతకు మొక్కుకున్నాడు కూడా. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు.

రెండేళ్లు గడిచాయి. లాంప్రియాస్‌కి ఇక ఓపిక లేకపోయింది.

"ఎంతమంది ముసలాళ్లని బోల్తా కొట్టించానే నేను! వీడెంత?" అన్నాడు.

"అది ఆటయ్యా. నేను దర్జీదాన్ని, వేషాలు నావల్ల కాదు."

"అవుతుంది, గుడ్డివేషమే కదా. ఎవరన్నా పలకరిస్తే మొహంకేసి చూడకు, చెవి అటు తిప్పు. నడిచేటప్పుడు ముందు కాలితో నేల వెతుక్కో."

క్రేస్తె నేర్చుకుంది. కుట్లు వంకర పోయాయి. గుమ్మాలకు నుదురు కొట్టుకుంది. ఒకరోజు వేడి పప్పు గిన్నెలో తెలిసే చెయ్యి పెట్టి కాల్చుకుంది. నుమిసియస్ నెల రోజులు చూశాడు. తర్వాత లాంప్రియాస్‌కి కబురు పెట్టాడు.

"తీసుకుపోరా నీ దాన్ని. శుభమా అని వచ్చి ఈ చింకి అంగీ ఏంట్రా? విప్పు, కొత్తది ఇస్తాను. నేను పిలిచేదాకా ఈ గదిలోనే ఉండు."

లాంప్రియాస్ కళ్లనీళ్లతో పాత అంగీ విప్పి ఇచ్చాడు. కొత్తది తొడుక్కుని తలుపు సందులోంచి చూస్తున్నాడు. నుమిసియస్ ఆ పాత అంగీని పంది నెత్తుట్లో ముంచి తెచ్చి, ముంగిట్లో కూర్చున్న క్రేస్తె ముందు మాట్లాడకుండా చాచి పట్టుకున్నాడు. దాని భుజం మీద అతుకు ఆమె వేసిందే.

"లాంప్రియాస్!" గుండెలు బాదుకుంటూ లేచింది. "ఎవరు చంపారు? ఎక్కడున్నాడు?"

నుమిసియస్ అంగీ మడతపెట్టాడు. "బాగానే కట్టావే వేషం. మీ ఆయన కంటే ముందు అరుగు మీద ఆ జిత్తులమారి బానిస వేషం కట్టినవాణ్ణి నేను. నేనూ బానిసగా పుట్టినవాణ్ణేనే." గదివైపు తిరిగి, "ఒరే, ఆ కొత్త అంగీ విప్పి పో," అన్నాడు.

క్రేస్తెని కొట్టించి, దూరాన కపువా ఊళ్లో ఉన్ని నేసే కొట్టానికి అమ్మేశాడు. లాంప్రియాస్ అంత దూరమూ నడిచి వెళ్లాడు. కొట్టం కాపలావాడు లోపలికి రానివ్వలేదు. అయినా ఆ ఊళ్లోనే కూలిపని వెతుక్కున్నాడు. ఏడాదికోసారి, బానిసలను ఆ ఒక్కరోజుకి బయటికి వదిలే చలికాలపు పండగనాడు మాత్రం ఇద్దరూ గోడవార కూర్చుని రొట్టె తినేవాళ్లు.

నాలుగో ఏడు క్రేస్తెకి నిజంగానే చూపు మందగించింది. కొత్త యజమాని ఆమెను మగ్గం మీంచి లేపి ఉన్ని దువ్వడానికి కూర్చోబెట్టాడు. ఆ పనికి వేళ్లు చాలు.

లాంప్రియాస్ ఆ వేసవిలో జ్వరంతో పోయాడు. తోటి కూలీలు దహనం చేశారు. కబురు క్రేస్తెకి ఆరు రోజుల తర్వాత అందింది. అప్పుడామె ఒడిలో సగం దువ్విన ఉన్ని ఉంది. సాయంత్రంలోగా అప్పగించాలి కాబట్టి దువ్వుతూనే ఏడ్చింది.