దేవదానం సారు విప్పిన క్యారియర్

మొన్న ప్రాక్టికల్ పరీక్షలయ్యాక మార్కుల కవరు మీద లక్క సీలు వేసి కొవ్వొత్తి ఆర్పాను. ఆ పొగ వాసన తగలగానే దేవదానం సారు గుర్తొచ్చారు. ఏటా నాకు ఇదే వరస.

డెబ్బైల చివర సత్తుపల్లిలో ఇంటర్ చదివేటప్పుడు ఆయన మాకు కెమిస్ట్రీ చెప్పేవారు. క్రిస్మస్‌కు చర్చిలో మిగిలిన కొవ్వొత్తి ముక్కలు జేబులో వేసుకొచ్చేవారు. ఓ రోజు ఒక ముక్క పైకెత్తి, "ఈ మైనం అణువుల మీద చార్జి లేదని బుక్కుల ఉంది. మరి ఒకదాన్నొకటి ఎట్ల పట్టుకున్నయి?" అని అడిగారు. నా నోరు ఊరుకోదు కదా. "చార్జే లేనప్పుడు ఆకర్షణ ఎక్కడిది సార్?" అన్నాను.

"సగటున చూస్తే లేదు బిడ్డా, గంతే. ఎలక్ట్రాన్లు కుదురుగ ఉండవు. ఒక్క క్షణం ఒక పక్కకు ఒరుగుతయి. దాంతోని పక్క అణువులవి గూడ జరుగుతయి. అప్పుడు రెండూ ఒకదాన్నొకటి గుంజుకుంటయి. దూరం పెరిగిందా, ఆ బలం జల్దీ పోతది."

ఆ జవాబుతో నేను కెమిస్ట్రీలో పడిపోయాను. ఇంట్లో నా పెళ్లి మాటలు నడుస్తుంటే ఆయనే వచ్చి, మా వాకిట్లో నిలబడి నాన్నను ఒప్పించి, నన్ను డిగ్రీకి పంపించారు. ఆ గంటసేపూ ఆయన్ని కూర్చోమని మావాళ్లెవరూ అనలేదు. నేనూ అనలేదు.

పదేళ్లకు నేనూ లెక్చరర్నయ్యాను. చర్ల దారిలోని ఓ కాలేజీకి ప్రాక్టికల్స్ ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్‌గా వెళ్తే, అక్కడ ఇంటర్నల్ ఎగ్జామినర్ మా సారే. బయటి నుంచి వచ్చినవాళ్లకు మధ్యాహ్నం భోజనం పెట్టడం ఆనవాయితీ. ఆయన సంబరంగా క్యారియర్ విప్పారు. "మా ఇంటామె పొద్దుగాలనే లేచి వండింది. నువ్వొస్తున్నవని చెప్పిన."

"వద్దు సార్, డ్యూటీలో ఉన్నాను. అరటిపళ్లు తెచ్చుకున్నాను," అన్నాను.

ఆయన చెయ్యి ఆగిపోయింది. నా ముఖంలోకి ఒకసారి చూశారు. "మంచిది బిడ్డా. మీ నాయిన బాగున్నడా?" అంటూ మూత పెట్టేశారు.

ఆయన నాన్నను ఎందుకు అడిగారో బస్సెక్కాక, మా వాకిలి గుర్తొచ్చి అర్థమైంది. దిగి వెనక్కి వెళ్లొచ్చు. సిగ్గేసి వెళ్లలేదు. వచ్చే ఏడు కలిసినప్పుడు తప్పయిందని చెబుదాంలే అనుకున్నాను. ఆ వేసవిలోనే ఆయన పోయారు.

ఇప్పుడు ఏ కాలేజీకి వెళ్లినా, ఎవరు క్యారియర్ విప్పినా ముందు నేనే కూర్చుంటాను. అయినా మనసు తేలికపడదు. ఆ రోజు రూలు కోసమే వద్దన్నానని చాలా ఏళ్లు చెప్పుకున్నాను. కానీ అంతకు ముందు వారమే మరో కాలేజీలో, మా కులపాయన పెట్టిన భోజనం మారు వడ్డించుకుని మరీ తిన్నాను. నాలో అలాంటిదేమీ లేదనే నమ్మేదాన్ని. సారు పాఠం ప్రకారం, సగటున లేదేమో. ఆ ఒక్క క్షణం ఉంది. ఆ క్షణంలో ఆయన నా ఎదురుగా కూర్చుని ఉన్నారు.