నలభైమంది సైకిల్ యాత్ర

కువైట్‌లో, సాల్మియాలో మేం చేరే టీ బంకు ఎంత ఇరుకంటే, లోపల ఒకడు తుమ్మాలంటే ఇద్దరు బయటికి రావాలి. అయినా సాయంత్రం ఆరయ్యేసరికి సగం రాయలసీమ అందులోనే ఉంటుంది, మిగతా సగం గుమ్మంలో నిలబడి మొదటి సగాన్ని తిడుతూ ఉంటుంది. టీ మాస్టరుది రాయచోటి. అతని భార్య ఎగైలాలో ఒక కువైటీ ఇంట్లో పనిచేస్తుంది. ఆలుమగలు ఒకరి మొహం ఒకరు చూసుకునేది శుక్రవారం శుక్రవారం, అదీ రెండు మూడు గంటలు.

ఆ వేసవి మొదట్లో ఆమెకు గర్భసంచిలో గడ్డ ఉందని తేలింది. నెలల తరబడి రక్తం పోయి పోయి మనిషి ఉతికి ఆరేసిన పంచెలా తెల్లబడింది. రెండుసార్లు వంటింట్లో కళ్ళు తిరిగి పడింది. ఆపరేషనుకి ఒక ఆదివారం తేదీ ఇచ్చారు. ముందురోజులోగా నలుగురు రక్తమిచ్చి, ఆ చీటీలు తెచ్చి ఆసుపత్రిలో చూపించాలి. లేకపోతే తేదీ తప్పుతుంది, మళ్ళీ ఎన్ని నెలలకో. ఈలోగా ఆమె ‘మామా’ అని పిలిచే ఇంటి యజమానురాలు పిల్లాజెల్లాతో వేసవికి దేశం దాటుతుంది, వంటకి ఈమెనూ తీసుకెళ్తుంది. అంతకాలం ఆ ఒంట్లో రక్తం ఆగాలి కదా.

మాస్టరుకి చిన్నప్పుడు కామెర్లొచ్చాయి, అతని రక్తం తీసుకోరు.

“అన్నా, నలుగురు దొరుకుతారా?” అని అడిగాడు నన్ను, గ్లాసులు కడుగుతూ.

“నలుగురేంది అబ్బీ, నలభైమందిని తెస్తా. సీసాలు సాలవు, బిందెలు తెచ్చుకోమని చెప్పు ఆ నర్సులకి!”

ఇది నా జబ్బు. అమ్ఘరాలో ఒక తుక్కు యార్డులో స్టోర్‌కీపర్ని. అక్కడ ఒక్క బోల్టు తేడా వచ్చినా వీపు విమానం మోత మోగుతుంది. పొద్దంతా నిజం చెప్పి చెప్పి అలిసిపోయి వస్తానా, సాయంత్రానికి ప్రతిదాన్నీ పులిసిన పిండిలా పొంగిస్తాను.

పొంగించి ఊరుకున్నా బాగుండేది. అంతకు ముందు వారమే ఆఫీసు జనాలు ఏదో ఆసుపత్రికి చందాల కోసమని సముద్రపు రోడ్డు మీద సైకిల్ యాత్ర చేశారు. ఒంటికి రంగేసినట్టు బిగుతు చొక్కాలు, నెత్తిన పుచ్చకాయ చిప్పల్లాంటి టోపీలు. అది చూసినప్పట్నుంచి నా కడుపు మండుతోంది.

“మనమూ చేద్దాం” అన్నాను బంకులో. “మనం రోడ్డు మీద డబ్బా పట్టుకుంటే లోపలేస్తారు. రక్తానికి ఎవడి పర్మిషన్ కావాల? సైకిళ్ళ మీద ఊరేగింపుగా పోయి ఇద్దాం.”

కడప దర్జీ భాయ్, ఆ బంకులో నన్ను నమ్మని ఒకే ఒక్క మనిషి, దారం కొరికి అన్నాడు: “ట్యాక్సీలో పోతే రక్తం రాదా అన్నా?”

“రక్తం వస్తాది భాయ్. పేరు రాదు.”

మా యార్డు తుక్కులోంచే సైకిళ్ళు లేచాయి. ఒకదానికి బ్రేకు లేదు, ఇంకొకదానికి బ్రేకు తప్ప ఏమీ లేదు. తిట్టుకుంటూనే భాయ్ అందరికీ ఎర్ర పట్టీలు కుట్టాడు, పెళ్ళికొడుకుల్లా భుజాన్నించి వేసుకోవడానికి.

శనివారం పొద్దున నాతో కలిపి తొమ్మిదిమంది వచ్చారు. మిగతా ముప్పై ఒక్కరూ నా నోట్లోనే ఉండిపోయారు.

బ్లడ్ బ్యాంకు ఫోన్ మ్యాపులో ఏడు కిలోమీటర్లు. కానీ అది నీడల మీద నీడ పడితే తప్ప మనిషి నిలవలేని ఎండ. ఎదురుగాలి మా కోసం ఇరాక్ నుంచి ప్రత్యేకంగా బయల్దేరి వచ్చింది. ఒక పోలీసు కారు పక్కన నెమ్మదించి, మమ్మల్ని ఆపితే నీళ్ళు తాగించాల్సొస్తుందని కాబోలు, వెళ్ళిపోయింది.

మాస్టరు ముందే బస్సులో వచ్చి గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. తలలు ఒకసారి లెక్కపెట్టాడు. మళ్ళీ లెక్కపెట్టాడు.

“మిగిలినోళ్ళు యెనకాల వస్తాండారా అన్నా?”

“వస్తారు” అన్నాను.

లోపల మలయాళీ నర్సు మా వేళ్ళకి క్లిప్పులు తగిలించి, తగిలించిన ప్రతిసారీ కళ్ళు పెద్దవి చేసింది. నాడి ఒకడికి నూట ముప్పై, ఒకడికి నూట ఇరవయ్యెనిమిది.

“వంద దాటితే తీసుకోం. ఈ ఎండలో సైకిళ్ళ మీదా! ఎవరి ఆలోచన ఇది?”

ఎనిమిది వేళ్ళు నా వైపు తిరిగాయి.

తర్వాత ప్రశ్నలు. ఇద్దరు పోయిన నెలే సెలవు మీద ఊరెళ్ళొచ్చారు, మలేరియా భయానికి వాళ్ళు పనికిరారు. ఒకడు పంటినొప్పికి మందులు మింగుతున్నాడు, వాడూ పోయాడు. నా వంతు వచ్చింది. నర్సు నేను నింపిన కాగితం చూసింది.

“షుగరుకి ఏం వాడుతున్నారు?”

“సూదులు” అన్నాను, చిన్నగా.

భాయ్ గొంతు వెనకనుంచి వచ్చింది. “సూదులా? యెప్పట్నుంచి?”

“ఏడాదైంది.”

“తెలిసే ముందుండి నడిపించినావా మమ్మల్ని?”

షుగరు సూదులు వేసుకునేవాడి రక్తం తీసుకోరని నాకు తెలుసు. నాయకుడికి ఎవరూ సూది పొడవరనుకున్నాను.

మిగిలిన ఐదుగురినీ కదలకుండా కూర్చుని నీళ్ళు తాగమంది నర్సు. ఒంటిగంటకి మూసేస్తారు. గోడవారగా కళ్ళు మూసుకుని కూర్చున్న ఆ ఐదుగురినీ చూస్తుంటే నా నాలుక ఆగలేదు. “ఏందబ్బా, ఐదుగురూ ఒకే అమ్మాయికి పెళ్ళిచూపులకొచ్చినట్టుండారు?”

ఒకడు పక్కున నవ్వాడు. నూట నాలుగుకి దిగిన నాడి నూట పదమూడుకి ఎక్కింది. నర్సు తలుపు చూపించింది. భాయ్ కళ్ళు తెరవకుండానే అన్నాడు: “బయటికి పో అన్నా, నీకు దణ్ణం పెడతా. నువ్వు నోరు తెరిస్తే నా గుండె ఎగురుతాంది.”

బయట సైకిళ్ళ దగ్గర నిలబడ్డాను. కాసేపటికి మాస్టరు వచ్చి పక్కన నిలబడ్డాడు.

“మొన్న మామానే అనిందంట, మా ఇంటి డ్రైవర్లిద్దర్నీ పంపుతా అని. నేనే వద్దనమంటిని. మా అన్న నలభైమందిని తెస్తాండాడు, పెద్దోళ్ళకెందుకు శ్రమ అని.”

నిష్ఠూరంగా అన్లేదు. టైమెంతయిందో చెప్పినట్టు చెప్పాడు.

పన్నెండుంబావుకల్లా ముగ్గురు ఇచ్చారు. మిగిలిన ఇద్దరికీ నాడి వంద దిగలేదు. అందులో భాయ్ ఒకడు. ఏటా రక్తమిచ్చే మనిషి, మామూలుగా అతని నాడి డెబ్బై రెండు. “మూడుసార్లు చూశాను, ఈరోజు ఇంక కాదు” అంది నర్సు. భాయ్ పట్టీ తీసి మడిచి నా చేతిలో పెట్టాడు. “ట్యాక్సీలో వచ్చింటే నాలుగో చీటీ నాదే అన్నా.”

మాస్టరు భార్యకి ఫోన్ కలిపి, అది నాకే ఇచ్చాడు. “నువ్వే చెప్పు. వద్దనమనింది నేను. నాకు నోరు రాదు.”

“అన్నా, ఎంతమంది ఇచ్చినారు?” అంది ఆమె.

దారిలో ఉన్నారు, లైన్లో ఉన్నారు, ఇదిగో వచ్చేస్తున్నారు. అన్నీ గొంతులో వరసగా నిలబడి ఉన్నాయి.

“ముగ్గురు” అన్నాను. “ఇంక ఎవరూ లేరు. నేను ఇవ్వలేను. మామాని అడుగమ్మా.”



“నలభై అంటిరి కదన్నా.”

“అబద్ధం చెప్పినా.”

చెప్పులు ఈడ్చుకుంటూ నడిచిన చప్పుడు, “మామా” అని పిలుపు, అరబ్బీలో రెండు గొంతులు. లైను తెగింది.

ఎగైలా నుంచి రోడ్డు ఖాళీగా ఉంటే అరగంట. ఒంటిగంటకి ఎనిమిది నిమిషాలుండగా తెల్ల కారు ఒకటి వచ్చి ఆగింది. మామా పంపిన శ్రీలంక డ్రైవరు దిగాడు. మాలో ఎవరికీ అతని పేరు తెలియదు. నర్సు సగం మూసిన తలుపులోంచి అతన్ని లోపలికి లాగింది. నాడి డెబ్బై ఆరు.

మాస్టరు నాలుగు చీటీలూ జేబులో పెట్టుకుని, ఆ కారులోనే ఆసుపత్రికి వెళ్ళిపోయాడు. మేం తొమ్మిదిమందీ సైకిళ్ళు తోసుకుంటూ వెనక్కి నడిచాం. 

ఆపరేషన్ ఆదివారమే అయింది. ఆమె మొహానికి ఇంకా పూర్తిగా రంగు రాలేదు, కానీ నడుస్తోంది. మాస్టరు నన్ను ఒక్క మాట అన్లేదు. తిట్టుంటే బాగుండేది. ఆ తిట్టుని పదింతలు చేసి నలుగురికీ చెప్పుకుని నవ్వించి, కడిగేసుకునేవాణ్ణి.

బంకుకి రోజూ పోతున్నాను. “అబ్బీ, రెండు టీ” అంటాను. మాస్టరు గ్లాసులు తీయబోతూ ఒక్క క్షణం ఆగి, భాయ్ వైపు చూస్తాడు. రెండేనన్నట్టు భాయ్ తలూపాక పోస్తాడు.