సబ్ఖా ఒడ్డున పిట్టకు పెట్టిన నాడు

అబుదాబి పడమటి ఎడారిలో రోడ్డు పనికి పోయిన కొత్తలో మా క్యాంపు పక్కనే సబ్ఖా ఉండేది. ఏడాదిలో ఎక్కువ కాలం అది ఉప్పు పేరుకున్న బయలు. చలికాలం వాన పడితే మాత్రం కనుచూపు మేర నీళ్లు నిలిచేవి. పేరుకే చెరువు, చుక్క గొంతులో పోసుకునే వీల్లేదు. పాడు నీళ్లు!

ఆ నీళ్లున్న రోజుల్లోనే, నాతో తాపీపని చేసే మా పక్క ఊరి తమ్ముడికి తల్లి పోయిందని టెలిగ్రాం వచ్చింది. సెలవడిగితే ముదీర్, అంటే మా మేనేజరు, పని అయ్యాక చూద్దామన్నాడు. పాస్‌పోర్టేమో వీసా ఇచ్చిన యజమాని, ఆ కఫీల్ దగ్గర. ఏం చేస్తాడు?

"పదోనాడు ఈడనే పిట్టకు పెడ్తనే అన్నా. పిట్ట ముట్టకుంటే మా అవ్వ పానం కొట్టుకుంటది" అన్నాడు. తల్లిని అవ్వ అనేవాడు.

పదోనాడు నేనే అతనికి గుండు గీశాను. ఆమెకిష్టమని కోడికూర వండాం. క్యాంపు దగ్గర కాకి మచ్చుకైనా లేదు. సబ్ఖా మీద తెల్లపిట్టలు వాలుతున్నాయని పఠాన్ డ్రైవర్ చెబితే అతని పికప్‌లోనే పోయాం. ఒడ్డున పళ్లెంలో అన్నం, కూర పెట్టి దూరంగా నిలబడ్డాం.

పిట్టలు నీళ్లలోనే తిరుగుతున్నాయి, ఇటు చూడనైనా చూడవు. అతను చేతులు జోడించి, "తమ్మున్ని సదివిస్తనే. నీ బర్రెను అమ్మనియ్యనే" అని ఒక్కొక్క మాటే ఇచ్చాడు. ఒక్క పిట్టా రాలేదు. పొద్దు వాలుతోంది. చీకటైతే బండి ఉప్పుబురదలో దిగబడుతుందని డ్రైవర్‌కు భయం. "యల్లా భాయ్, యల్లా" అని హారన్ కొడుతున్నాడు.

"సూడనీకి రాలేదని అవ్వకు కోపమున్నదన్నా" అని అతను కూలబడి ఏడ్చాడు. పొద్దున్నుంచి పచ్చి గంగ ముట్టలేదు.

నాకు బాధ కలిగినా కోపంగానే బయటికొస్తుంది. "కోపమెందుకుంటదిరా? నువ్వు తినకముందు మీ అవ్వ ఎన్నడన్న తిన్నదా?" అని కసిరాను.

అతను నా మొహంలోకి చూశాడు. మా కోసం తెచ్చుకున్న క్యారియర్ విప్పి ఇంత అన్నం కలుపుకుని, కన్నీళ్లతోనే మింగాడు. తర్వాత లేచి, ఎవరూ ముట్టని ఆ పళ్లేన్ని నీళ్ల అంచుదాకా జరిపాడు.

"తిన్ననే అవ్వా," అన్నాడు. "ఇగ నువ్వు తిను."