పక్కింటి సారుకు దొరకని గోళీ

మా పక్కింటి జువాలజీ సారు పోయిన మంగళవారం పొద్దున చనిపోయారు. వనపర్తిలో ఆయన దగ్గర చదువుకున్నవాళ్లు చాలామంది ఇది చదువుతారు కాబట్టి ముందే చెప్తున్నాను. ప్రశాంతంగా పోయారని మీకెవరైనా చెప్పి ఉంటే అది అబద్ధం. గోడకు ఇవతలి ఇల్లు నాది. ఆ కేకలు నేను విన్నాను.

నేను కాలిన మోటార్లకు మళ్లీ తీగ చుట్టి వైండింగు చేసేవాణ్ణి. ఊరి బడిలో చదివాను. పదో తరగతిని నేను చదివానో, అది నన్ను చదివిందో ఇప్పటికీ తేలలేదు. నలుగురిని నవ్వించడం నాకు అలవాటు. ఇవాళ మాత్రం కోపంగా ఉంది.

సారు రిటైరయ్యాక సాయంత్రాలు నా షాపులో స్టూలు మీద కూర్చునేవారు. లో వోల్టేజీకి స్టార్టర్ నిలబడదు, పడిపోతుంటుంది. మా రైతులు ఊరుకుంటారా? పుల్ల ఇరికించి బటన్ నొక్కిపెడతారు. మోటారు కాలుతుంది, నా పొయ్యి వెలుగుతుంది. అలా కాలిన మోటారు ఒకటి చూసి సారు ఒకరోజు పాఠం మొదలుపెట్టారు.

"నీ నరాలల్ల గూడ ఇసొంటియే ఉన్నయి వైండింగూ. నరం కొసకు సన్నటి తలుపులుంటయి. వోల్టేజీ తగిల్తెనే తెరుసుకుంటయి. తెరుసుకుంటె కాల్షియం లోపటికొస్తది."

"కాల్షియమంటె సున్నంల ఉండేదే గద సార్?"

"గదే. నువ్వు ఆకుల ఏసుకునేది. అది లోపటికి రాంగనే చిన్న చిన్న మందు మూటలు పగిలి పక్క నరం మీద పడ్తయి. కబురు అందినట్టు."

"మరి బందు జేసేదెవరు?"

"ఒంట్ల పుట్టే ఇంకో మందు. అదొచ్చి తలుపు బయట బెల్లు కొడ్తది. లోపల కాపలోడు లేసి తలుపుకు వీపు ఆనిస్తడు. ఇగ మునుపటంత వోల్టేజీకి తలుపు తెరుసుకోదు, బిర్రయితది."

"తలుపును జోరుగ దొబ్బితె?"

"ఎంటెంట దొబ్బితె కాపలోడు జర పక్కకు జరుగుతడు. పెద్ద నొప్పి గట్లనే దొబ్బుతది, ఒంట్ల ఉన్న మందు సాలదు. అప్పుడు బయటికెల్లి మార్ఫిన్ ఇయ్యాలె. అది గూడ గదే బెల్లు కొడ్తది."

"మోటరు కాలనియ్యదు, నా గిరాకీ చెడగొట్టే మందన్నట్టు," అన్నాను. సారు స్టూలు ఊగేటట్టు నవ్వారు.

నొప్పి గురించి ఆయన ఎప్పుడూ ఒకే మాట అనేవారు. "నొప్పంటె కబురు వైండింగూ. కబురు అందినంక గూడ డప్పు కొట్టుడెందుకు?" నా ఒంట్లోపల ఇంత పనితనం ఉందని నాకు చెప్పిన మనిషి ఆయనొక్కరే. నాలాంటివాడికి అర్థమవుతుందని నమ్మి చెప్పారు. ఆ రుణం తీరేది కాదు.

పోయిన ఏడాది సారుకు క్యాన్సర్ వెన్నెముకకు పాకింది. ఇక చేసేదేం లేదని హైదరాబాదు దవాఖానవాళ్లు ఇంటికి పంపారు, కొన్ని మార్ఫిన్ గోళీలు ఇచ్చి. అవి ఉన్నన్ని రోజులు సారు పేపరు చదివారు, నా మీసానికి రంగు సరిగ్గా అంటలేదని చెప్పారు. గోళీలు అయిపోయాయి. పక్కకు తిప్పితే కేక, దుప్పటి లాగితే కేక.

మళ్లీ నేను హైదరాబాదు పోతే పేషంటును తీసుకొని రమ్మన్నారు. నాగర్‌కర్నూల్ తిరిగాను, లేదన్నారు. గద్వాలలో మందుల షాపతను అటూ ఇటూ చూశాడు.

"గా పేరు గట్టిగ అనకు అన్నా. పోలీసోళ్లొస్తె నా దుకాణం బందే."

"నొప్పికి తమ్మీ."

"నొప్పికైతె జ్వరం గోళీ ఉన్నది, తీస్కపో."

ఆ పక్క షాపులోనే పత్తికి కొట్టే పురుగుల మందు డబ్బాలు వరసగా పేర్చి ఉన్నాయి. అవి ఎన్ని అడిగినా ఇస్తారు. దేనికని ఎవరూ అడగరు.

ఇక మిగిలింది మా ఊరి డాక్టరు. సారు దగ్గర ఇంటర్ చదివినవాడు. కబురు పెడితే వచ్చాడు, సారు కాళ్లకు మొక్కాడు.

"గా గోళీలు నేను రాయలేను సార్. అలవాటైతయి. మళ్ల నా లైసెన్సు..."

"అలవాటైతె సారేం జేస్తడు డాక్టర్ సాబ్?" అన్నాను. "గోడ దుంకి దొంగతనానికి పోతడా?"

సారు మంచం పట్టె గట్టిగా పట్టుకున్నారు. "కాల్షియం తలుపులు ఎట్ల మూస్తరో నీకు జెప్పిన. యాదికున్నదా?"

"ఉన్నది సార్."

"మూయి మరి."

డాక్టరు ఇంకోసారి కాళ్లకు మొక్కి వెళ్లిపోయాడు. మొక్కడం బాగా వచ్చు ఆయనకు.

చివరి వారంలో కేకలు ఆగిపోయాయి. గోడ ఇవతల కూర్చుని, ఎక్కడో ఒక దేవుడు కనికరించాడనుకున్నాను.

సంతాప సభలో ఒక్కొక్కరూ లేచి సారు ఓర్పును పొగిడారు. ఇంకో దారి ఉండి కూడా భరిస్తే అది ఓర్పు. సారుకు ఉన్న ఒక్క దారినీ మనం మూసేశాం. డాక్టరు కూడా మైకు పట్టుకుని, చివరిదాకా సారు నోరు విప్పలేదని చెప్పి ఏడ్చాడు. నేను మైకు పట్టుకుంటే బూతు వచ్చేది.

సభ అయ్యాక డాక్టరూ నేనూ సారు ఇంటికి వెళ్లాం. డాక్టరు వాకిట్లో నల్లా దగ్గర ముఖం కడుక్కున్నాడు. సారు భార్య, నేను అక్కా అని పిలిచే మనిషి, దండెం మీదున్న తువ్వాల తీసి ఆయన చేతికిచ్చింది.

"తుడ్సుకో బిడ్డా. ఆఖరి వారమంత గిదే నోట్ల కుక్కుకున్నడు మీ సారు. బజార్ల పోయే పిల్లలు బెదుర్తరని."

ఉతికి ఆరేసిన తువ్వాల. అంచు పొడుగునా పంటి గాట్లు, నడుమ కొరికి తెంపిన చిల్లులు. డాక్టరు దాన్ని ముఖం దాకా తీసుకుపోయి ఆగాడు. నీళ్లు గడ్డం మీంచి కారి చొక్కా తడుస్తున్నాయి. ఆయన వేళ్లు ఆ చిల్లుల్లోంచి ఇవతలికి కనిపిస్తున్నాయి.